పొగ బయటికే పోవాలి: కారుకు స్టీలు సైలెన్సరు పైపు కట్టుకున్న పాఠం

ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడల్లా పిల్లల చదువు గురించో, పరీక్షల గురించో రాయడం మాకు అలవాటు. ఈసారి నల్లబల్ల దగ్గర కాక కారు కింద పడుకుని నేర్చుకున్న ఒక పాఠాన్ని మీ ముందు పెడుతున్నాం. ఇందులో పదో తరగతి గణితం ఉంది, రసాయన శాస్త్రం ఉంది, చేతిపని ఉంది. వీటన్నిటికంటే ముందు, సొంత కారు ఉన్న ప్రతి కుటుంబమూ తెలుసుకోవలసిన ఒక ప్రమాదం ఉంది. అందుకే పిల్లలతో పాటు పెద్దలూ ఓపికగా చదవాలని కోరుతున్నాం.

ఆ రాత్రి జరిగింది

రెండేళ్ల కిందట డిసెంబరులో విజయవాడలో బంధువుల పెళ్లి చూసుకుని రాత్రి బందరు బయలుదేరాం. డెబ్బై కిలోమీటర్ల దారి. చలిగా ఉందని అద్దాలన్నీ ఎత్తేశాం. ఉయ్యూరు దాటేసరికి వెనక సీట్లో ఉన్న చిన్నమ్మాయి తల నొప్పి అంది. కాసేపటికి కడుపులో తిప్పుతోందంది. పెళ్లి భోజనం పడలేదేమో అనుకున్నాం. పామర్రు దగ్గర టీ కోసం ఆపాం. బయట గాలిలో పది నిమిషాలు నిలబడేసరికి పిల్ల తేరుకుంది. మళ్లీ బండి ఎక్కిన పావుగంటకు అమ్మ కూడా తల పట్టుకుంది. అప్పుడు అనుమానం వచ్చి అద్దాలన్నీ దించి, చలిలో వణుకుతూనే ఇల్లు చేరాం.

మర్నాడు మాకు తెలిసిన ఉస్తాద్ బండిని గుంట మీదికి ఎక్కించి, కింద నుంచి టార్చిలైటు వేసి చూపించారు. వెనక సీటు కింద సైలెన్సరు పైపు తుప్పు పట్టి చిల్లులు పడి ఉంది. అంతకు నెల ముందే ఒక షెడ్డులో ఆ చిల్లి మీద రేకు ముక్క చుట్టి, పేస్టు పూసి పంపారు. ఆ పేస్టు ఎండి పెచ్చులుగా రాలిపోయింది. పక్కనే నేలరేకులో ఒక రబ్బరు బిరడా ఊడిపోయి ఉంది. పైపులోంచి కారిన పొగ ఆ కన్నంలోంచి నేరుగా పిల్లలు కూర్చున్న చోటికి వస్తోంది.

“మాస్టారూ, దేవుడు కాపాడాడు. ఇంకో గంట ప్రయాణం అయితే ఏమయ్యేదో” అన్నారు ఉస్తాద్. ఆ మాట మాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

వాసన లేని విషం

పెట్రోలు పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. ఇంజనులో ఎప్పుడూ కొంత ఇంధనం అసంపూర్తిగా మండుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఈ వాయువును రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే తొందరగా వదలదు. మనిషి గాలి పీలుస్తూనే ఉంటాడు, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. తల నొప్పి, వికారం, మగత దాని మొదటి గుర్తులు. మగతలోకి జారుకున్నవారు లేచి అద్దం దించుకోలేరు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

సైలెన్సరు పైపు శబ్దం తగ్గించడానికే అని చాలామంది అనుకుంటారు. శబ్దం రెండో పని. ఇంజను దగ్గర పుట్టిన విషాన్ని ఒక్క చుక్క కూడా దారిలో కారనీయకుండా బండి వెనక్కి చేర్చి వదలడం మొదటి పని. మొత్తం పాఠం ఈ ఒక్క మాట మీద నడుస్తుంది.

ఇనుప పైపు లోపలి నుంచి తింటుంది

మా కారు బందరులో ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టిందనుకున్నాం. అది సగం నిజమే. మిగతా సగాన్ని ఒక చిన్న లెక్క చెబుతుంది.

పెట్రోలును ఆక్టేన్‌గా అనుకుందాం. 114 గ్రాముల ఆక్టేన్ మండితే 162 గ్రాముల నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అంటే లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా ఆ పైపులోంచి పోతుంది. చలికాలం ఉదయాన కార్ల వెనక చుక్కలు చుక్కలుగా నీళ్లు కారేది ఇందుకే. దూర ప్రయాణమైతే పైపు బాగా వేడెక్కి తడి ఆరిపోతుంది. మా బండి ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు రెండేసి కిలోమీటర్లు తిరిగే బండి. పైపు వెనక భాగం ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. పొగలోని ఆమ్లాలతో కలిసిన నీరు సైలెన్సరు డబ్బాలో నిలిచి, ఇనుమును లోపలి నుంచి కొరుకుతుంది. బయట ఉప్పుగాలి, లోపల ఆమ్లపు నీరు. ఇక ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుంది?

స్టీలు ఎందుకు నిలుస్తుంది

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఉండే లోహం కోసం వెతుకుతూ, ఉక్కులో సుమారు 13 శాతం క్రోమియం కలిపి చూశాడు. ఆ ముక్కలకు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఆ లోహం వంటింటి కత్తుల్లోకి, గిన్నెల్లోకి, ఆసుపత్రి పరికరాల్లోకి పాకింది. ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే దాని పైన కంటికి కనబడని క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. గీత పడినా గాలి తగిలి ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. తుప్పు పట్టకపోవడంలోని రహస్యం అదే. ఈ క్రోమియం ఇచ్చే క్రోమైట్ ఖనిజం మన దేశంలో ఎక్కువగా ఒడిశాలోని సుకింద లోయలో దొరుకుతుంది. బొమ్మలకు పేరుపడ్డ మన కొండపల్లి కొండల్లోనూ ఈ ఖనిజం ఉందని పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు.

స్టీలు అన్నదంతా ఒకటే స్టీలు కాదు. కొనేముందు మూడు రకాలు తెలిసి ఉండాలి.

మొదటిది 409 రకం. క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది. కార్ల కంపెనీలు సైలెన్సర్లకు ఎక్కువగా వాడేది ఇదే. అయస్కాంతం అంటుకుంటుంది. పైపైన గోధుమ రంగు తుప్పు కనబడినా చాలా ఏళ్లు నిలుస్తుంది. మన చిల్లర దుకాణాల్లో దొరకడం కష్టం.

రెండోది 304 రకం. క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. పాల డెయిరీల్లో వాడే గొట్టాలు ఎక్కువగా ఇవే. మేము ఎంచుకున్నదీ ఇదే.

మూడోది 202 రకం. మేడ మెట్ల రెయిలింగులకు, కిటికీలకు మన ఊళ్లలో విరివిగా వాడేది. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ధర తక్కువ, మెరుపు అంతే. దీనికీ అయస్కాంతం అంటుకోదు. ఉప్పుగాలికి, ఆమ్లపు నీటికి 304 అంతగా నిలవదు.

అయస్కాంతం అంటకపోతే అది 304 అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పాత స్టీలు దుకాణాల వారి దగ్గర పరీక్ష ద్రావకం ఉంటుంది. చుక్క వేసి, చిన్న బ్యాటరీ తగిలిస్తే 202 మీద ఎర్రబడుతుంది. అడిగి వేయించుకోవాలి, బిల్లు మీద రకం నంబరు రాయించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో మేము అలాగే చేశాం. మొదటి దుకాణంలో చుక్క ఎర్రబడింది. రెండో దుకాణంలో కొన్నాం.

ఎంత లావు పైపు?

మా పాత పైపు బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిస్తే 38 మి.మీ. వచ్చింది. మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. “51 మి.మీ. వేద్దాం నాన్నా, బండి లాగుడు పెరుగుతుంది” అన్నాడు. కాగితం తీసుకుని లెక్క వేయమన్నాం.

గోడ మందం 1.5 మి.మీ. అయితే 38 మి.మీ. పైపు లోపలి వ్యాసం 35. వైశాల్యం సుమారు 962 చదరపు మి.మీ. 51 మి.మీ. పైపు లోపలి వ్యాసం 48. వైశాల్యం సుమారు 1,810. అంటే దారి దాదాపు రెట్టింపు అవుతుంది. దారి రెట్టింపైతే అంతే పొగ సగం వేగంతో కదులుతుంది. ఇంజనులోంచి వచ్చే పొగ గుక్కలు గుక్కలుగా వస్తుంది. ముందు గుక్క వేగంగా పోతూ తన వెనక కొంచెం పీల్పును వదులుతుంది. ఆ పీల్పు తర్వాతి గుక్కను లాగుతుంది. చిన్న ఇంజనుకు మరీ లావు పైపు వేస్తే ఈ లాగుడు తగ్గిపోతుంది, శబ్దం పెరుగుతుంది. బండి చేసినవారు లెక్క చూసి పెట్టిన కొలతను మార్చడానికి మనకు కారణం లేదు. అబ్బాయి ఒప్పుకున్నాడు. 38 మి.మీ. పైపే తెచ్చాం.

ఇంజను పక్కనున్న కెటలిటిక్ కన్వర్టరును ముట్టుకోలేదు. ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాల పూతతో కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా మార్చేది అదే. దాన్ని తీసేసి ఖాళీ పైపు వేయించుకునేవారు తమ పిల్లలకే కాదు, వెనక స్కూటరు మీద వచ్చేవారి పిల్లలకు కూడా విషం పంచుతున్నారు. కన్వర్టరు వెనక ఉన్న రెండున్నర మీటర్లే మా పని.

వంపు, కోత, కాగితపు పట్టీ

ముందుగా పాత పైపును జాగ్రత్తగా విప్పి వరండాలో పరిచాం. దాని పక్కన లావు ఇనుప తీగను అదే ఆకారంలో వంచాం. ఆ తీగే మా నమూనా. దాన్ని కారు కింద పట్టుకుని చూసి, ఇరుసుకు, బ్రేకు గొట్టాలకు, పెట్రోలు ట్యాంకుకు ఎంత ఎడం ఉందో ప్రతి చోటా రాసుకున్నాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకూడదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. సమమైన నేల మీద చక్రాలకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్ల మీద బండిని దించి, చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందికి వెళ్లాలి.

పెద్ద వంపులకు డెయిరీ బెండ్లు కొన్నాం. పాల గొట్టాలకు వాడే ఈ 304 బెండ్లు 38 మి.మీ. కొలతలో తయారుగా దొరుకుతాయి. వంపులో నొక్కుకుపోకుండా గుండ్రంగానే ఉంటాయి. మామూలు పైపును బలవంతంగా వంచితే లోపలి వైపు ముడతపడి దారి ఇరుకవుతుంది.

ఒక చోట మాత్రం 20 డిగ్రీల చిన్న వంపు కావలసి వచ్చింది. దానికి తయారు బెండు లేదు. రెండు ముక్కలను ఏటవాలుగా కోసి కలపాలి. “సార్, ట్రిగనామెట్రీ జీవితంలో ఎక్కడ పనికొస్తుంది?” అని మా తరగతిలో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. ఇదిగో ఇక్కడ పనికొచ్చింది.

మొత్తం వంపు 20 డిగ్రీలు. రెండు ముక్కలు సమానంగా పంచుకుంటాయి కాబట్టి ఒక్కో ముక్క కోత కోణం అందులో సగం, 10 డిగ్రీలు. 10 డిగ్రీల టాంజెంట్ 0.176. దాన్ని 38తో గుణిస్తే 6.7 మి.మీ. అంటే కోసిన ముక్కకు పొడుగు వైపు, పొట్టి వైపు తేడా 6.7 మి.మీ. ఉండాలి.

గుండ్రని పైపు మీద ఈ ఏటవాలు గీత గీయడం ఎలా? కాగితపు పట్టీతో. పైపు చుట్టుకొలత 38ని 22/7తో గుణిస్తే 119.4 మి.మీ. అంత పొడవు పట్టీని 12 సమభాగాలు చేశాం. మొదటి గీత నుంచి ఏడో గీత దాకా ఎత్తులు వరసగా 0, 0.4, 1.7, 3.4, 5.0, 6.3, 6.7 మి.మీ. గుర్తించాం. తర్వాత అదే వరసలో కిందికి దిగాం. చుక్కలన్నీ కలిపితే పట్టీ మీద ఒక అల వచ్చింది. అలను కత్తిరించి పట్టీని పైపుకు చుట్టేసరికి, వంకర గీత కాస్తా ఒకే చదునైన ఏటవాలు కోతగా మారిపోయింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఆ పట్టీని విప్పుతూ, చుడుతూ చాలాసేపు ఆడుకుంది. సైన్ వక్రరేఖ దానికి మేము చెప్పకుండానే అర్థమైంది.

కోత గ్రైండరుతో కోశాం. మొదటి కోతలోనే మేము ఒక తప్పు చేశాం. కిటికీ ఊచలు కోసిన పాత చక్రంతోనే స్టీలును కోశాం. చక్రానికి అంటుకున్న ఇనుప రేణువులు స్టీలులో దిగబడ్డాయి. వారం తిరక్కుండా ఆ అంచు మీద ఎర్రని తుప్పు చుక్కలు లేచాయి. స్టీలుకు స్టీలు చక్రమే, స్టీలు బ్రష్షే వాడాలి. ఆ అంచును పూర్తిగా అరగదీసి మళ్లీ మొదలుపెట్టాం.

కోసిన అంచులను ఆకురాయితో, ఎమరీ కాగితంతో సరిచేసి రెండు ముక్కలూ కలిపి పట్టుకుని దీపం ఎదుట చూడాలి. ఉస్తాద్ మాకు పెట్టిన నియమం ఒక్కటే: “సందులో వెలుతురు కనబడితే నా దగ్గరికి తేవద్దు మాస్టారూ. కోత మీది, వెల్డింగ్ నాది. మీ సందును నా మంటతో పూడ్చను.” మూడు అతుకులను వెనక్కి పంపారు. మేమూ బళ్లో నోటుపుస్తకాలు అలాగే వెనక్కి పంపుతాం కాబట్టి ఏమీ అనలేకపోయాం.

ఆర్గాన్ వెల్డింగ్

స్టీలు పైపుకు ఆర్గాన్ వెల్డింగ్ సరైనది. మా దగ్గర ఆ యంత్రం లేదు, ఆ చేయి కూడా లేదు. ఉస్తాద్ షెడ్డులో పక్కన నిలబడి నేర్చుకున్నంత వరకు చెబుతున్నాం.

మామూలు ఇనుముకు వేడి తొందరగా పాకుతుంది. 304 స్టీలులో వేడి పాకే గుణం దాదాపు మూడో వంతే. వేడికి సాగే గుణం మాత్రం ఇనుము కంటే ఎక్కువ. అందుకే వేడి ఒకే చోట నిలిచి, ఆ చోటు ఉబ్బి, పైపు వంకర పోతుంది. దీన్ని ఆపడానికి ముందు చుట్టూ ఎదురెదురుగా నాలుగు చుక్కలు వేస్తారు. షెడ్డులో దీన్ని టాకింగ్ అంటారు. టాకింగ్ అయ్యాక ముక్కలను మళ్లీ కారు కింద పెట్టి సరిచూసుకోవాలి. తేడా ఉంటే సరిదిద్దుకోవలసిన సమయం అదే. తర్వాత చుట్టూ కొద్దికొద్దిగా, ఎదురెదురు వైపులు మార్చుకుంటూ వెల్డు చేస్తారు. ఒకటిన్నర మి.మీ. గోడకు 40 నుంచి 60 ఆంపియర్ల కరెంటు సరిపోతుంది.

స్టీలుకు స్టీలు కలిపేటప్పుడు 308ఎల్ తీగ, స్టీలును ఇనుప ఫ్లాంజికి కలిపేటప్పుడు 309ఎల్ తీగ వాడతారు. ఎల్ అంటే కార్బన్ తక్కువ అని. కార్బన్ ఎక్కువైతే వెల్డు వేడికి క్రోమియంతో కలిసిపోతుంది. అక్కడ ఆక్సైడు పొర కట్టడానికి క్రోమియం మిగలదు, తుప్పు మొదలవుతుంది.

చాలా షెడ్లలో వదిలేసే పని ఒకటుంది. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే వెల్డు లోపలి వైపు గాలి తగిలి, కాలిన పంచదార గడ్డల్లా నల్లగా, గరుకుగా తయారవుతుంది. పైకి బంగారంలా మెరిసే అతుకు లోపల బూడిదలా ఉంటుంది, ముందు పగిలేది అదే. ఉస్తాద్ పైపు రెండు కొనలకూ టేపు అంటించి, ఒక కొనలో సన్నని గొట్టం దూర్చి ఆర్గాన్ వదిలి, రెండో కొనలో గాలి పోయేందుకు చిన్న రంధ్రం ఉంచారు. అతుకు చల్లారాక గడ్డి రంగులోనో బంగారు రంగులోనో ఉంటే మంచిది. బూడిద రంగు, నలుపు వస్తే వేడి ఎక్కువైందని గానీ గ్యాసు సరిగా అందలేదని గానీ అర్థం.

షెడ్లలో పనిచేసే మన పిల్లల కోసం నాలుగు మాటలు గట్టిగా చెప్పాలి. స్టీలు వెల్డింగు పొగలో క్రోమియం విషం ఉంటుంది. వెల్డింగు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో ప్రకటించింది. ముఖానికి చేతిరుమాలు కడితే అది ఆగదు. పొగను వడకట్టే మాస్కు, గాలి ఆడే చోటు కావాలి. బ్రేకులు కడిగే కొన్ని ద్రావకాల్లో క్లోరిన్ ఉంటుంది. దానితో తుడిచిన పైపును వెల్డు చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. ఆర్గాన్ గాలి కంటే బరువైనది, గుంటలో చేరితే మనిషికి ఊపిరి అందదు. పెట్రోలు ట్యాంకు పక్కన బండికి పైపు బిగించి ఉండగా వెల్డు చేయకూడదు. గుర్తులు పెట్టుకుని, విప్పి, దూరంగా తెచ్చి చేయాలి.

వేడికి సాగే పైపును కట్టేయకూడదు

రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదులుతారని ఎనిమిదో తరగతిలో అడుగుతాం. అదే ప్రశ్న ఇక్కడా వస్తుంది. 304 స్టీలు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో 17 వంతులు సాగుతుంది. మా పైపు 2,500 మి.మీ. సగటున 300 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే సాగుడు 12.75 మి.మీ. అవుతుంది. అదే ఇనుమైతే 9 మి.మీ. ఇంచుమించు అర అంగుళం సాగే పైపును బండికి గట్టిగా బిగిస్తే ఏదో ఒక అతుకు పగలక తప్పదు. అందుకే ముందు భాగంలో అల్లిక ఉన్న ఫ్లెక్సిబుల్ ముక్క, వెనక రబ్బరు హ్యాంగర్లు పెట్టాం. హ్యాంగర్ల కొక్కేలను పాత చోట్లలోనే వెల్డు చేయించాం. సైలెన్సరు డబ్బా అదే కొలతలో తయారుగా దొరికినది కొన్నాం. నీరు నిలవకుండా దాని అడుగున వెనక వైపు 3 మి.మీ. రంధ్రం ఉండేట్టు చూసుకున్నాం. ఆ రంధ్రం బండి వెనక అంచు దగ్గర ఉండాలి, సీట్ల కింద కాదు.

చివరి పరీక్ష

అన్నీ బిగించాక ఇంజను స్టార్టు చేసి, శబ్దం బాగుందని సంతోషించి వదిలేస్తే పని సగమే అయినట్టు. వాక్యూమ్ క్లీనరు గాలి వదిలే వైపు గొట్టాన్ని పైపు వెనక కొనకు గుడ్డతో బిగించాం. ఇంజను చల్లగా, ఆపి ఉంది. ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు పూశాం. ఎనిమిది అతుకుల్లో ఏడింటి మీద నురగ కదల్లేదు. మేము కాగితపు పట్టీతో కోసిన ఆ 20 డిగ్రీల అతుకు కింది వైపున మాత్రం ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది.

సాయంత్రం ఆరు దాటింది. మర్నాడు పిల్లలతో ఊరెళ్లాలి. “ఇంతే కదా నాన్నా, కొంచెం పేస్టు పూద్దాం” అన్నాడు అబ్బాయి.

మేము మాట్లాడలేదు. పాత పైపు ముక్క ఇంకా వరండాలోనే ఉంది. దాని మీద ఎండి పెచ్చులూడిన పేస్టు అలాగే ఉంది. దాన్ని తెచ్చి వాడి ముందు పెట్టాం. వాడు ఒక నిమిషం చూసి, స్పానర్లు తీసుకుని పైపు విప్పడం మొదలుపెట్టాడు. ఊరి ప్రయాణం బస్సులో చేశాం. తిరిగొచ్చాక ఉస్తాద్ ఆ అతుకును అరగదీసి మళ్లీ వెల్డు చేశారు. పొరపాటు తనదేనని కూలి తీసుకోలేదు. మళ్లీ సబ్బునీళ్లు పూశాం. బుడగ లేదు. నేలరేకులో కొత్త బిరడా వేశాం. కార్బన్ మోనాక్సైడు ఉంటే మోగే చిన్న అలారం కొని వెనక సీటు దగ్గర పెట్టాం. ఇప్పటిదాకా అది మోగలేదు.

శబ్దం గురించి ఒక మాట

స్టీలు పైపు అనగానే కొందరు కుర్రాళ్లకు మోత గుర్తొస్తుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సరు ఉండి తీరాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని నిషేధిస్తుంది. మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించిన ఫొటోలు పత్రికల్లో చూశాం. చట్టం సంగతి అలా ఉంచినా, మన వీధిలో గుండెజబ్బు మనిషి ఉంటారు, పరీక్షకు చదివే పిల్ల ఉంటుంది, అప్పుడే నిద్రపోయిన పసిబిడ్డ ఉంటుంది. మేము చేసింది పాత పైపు స్థానంలో అదే కొలత, అదే దారి, అంతే శబ్దం ఉన్న మంచి లోహపు పైపు. అంతకు మించి చేయమని ఎవరికీ చెప్పం.

ఇంట్లో ఏది చేయాలి, ఏది వద్దు

కొలవడం, నమూనా తీగ వంచడం, పట్టీ గీయడం, కోయడం, అంచులు సరిచేయడం, చివర సబ్బునీళ్లతో పరీక్షించడం ఇంట్లో చేసుకోవచ్చు. పనిలో ఎక్కువ భాగం ఇదే. వెల్డింగు మాత్రం చేయి తిరిగినవారి పని. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఉస్తాద్ దగ్గర పనికిరాని పైపు ముక్కల మీద నేర్చుకోవాలి. ఇంట్లోవాళ్లు ఎక్కి తిరిగే బండి మీద నేర్చుకోకూడదు.

మన కుటుంబాల్లో ఎంతోమంది పిల్లలు షెడ్లలో పని నేర్చుకుంటున్నారు. వారిని చదువు రానివాళ్లుగా చూడడం మాకూ కొంత అలవాటే. సందులో వెలుతురు కనబడకూడదన్న నియమం మా ఉద్యోగ జీవితంలో మేము విన్న మంచి పాఠాల్లో ఒకటి. అది చెప్పినాయన ఐదో తరగతి దాటలేదు. షెడ్డులో ఉన్న పిల్లవాడికి సాయంత్రం ఒక గంట గణితం, బళ్లో ఉన్న పిల్లవాడికి సెలవుల్లో నాలుగు రోజులు షెడ్డు దొరికితే ఇద్దరికీ మేలు. పెద్దలు ఆలోచించాలి.

అభ్యాసం

1. 15 డిగ్రీల వంపుకు ఒక్కో ముక్కను ఎన్ని డిగ్రీల కోణంలో కోయాలి? ఎందుకు?

2. లోపలి వ్యాసం 35 మి.మీ. ఉన్న పైపు, 42 మి.మీ. ఉన్న పైపు వైశాల్యాల నిష్పత్తి ఎంత?

3. 2 మీటర్ల 304 పైపు 250 డిగ్రీలు వేడెక్కితే ఎన్ని మి.మీ. సాగుతుంది?

4. అయస్కాంతం అంటని స్టీలంతా 304 అనడం ఎందుకు తప్పు?

5. అద్దాలు మూసిన కారులో ఇద్దరికి ఒకేసారి తల నొప్పి వచ్చింది. మొదట ఏం చేయాలి? మర్నాడు ఏం చూపించాలి?

మొదటి నాలుగు ప్రశ్నలు పిల్లలకు. ఐదో ప్రశ్నకు జవాబు మాత్రం ఇంటిల్లిపాదికీ తెలియాలి.